తప్పెవరిది?

మహబూబాబాదును మన పెద్దలు మానుకోట యనియే పిలుతురు. ఆ మానుకోట ప్రాంతమున నొక పల్లెలో పదిమంది స్త్రీలు సంఘముగా జేరి, మిరపకాయలు కొని, తొడిమలు తీసి, గిర్నీలో పట్టించి, ఆ కారమును పావుకిలో పొట్లములుగా కట్టి అమ్ముచున్నారు. మిరపకు ఆ నేల పేరుపడినది. మాల్యాలలో ఉద్యానపరిశోధన కేంద్రము కలదు. వరంగల్లు చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి సోదరీమణులు పత్రికలలో చదివియే యుందురు. కనుక సరకునకు లోటు లేదు. లోటు లెక్కలో వచ్చినది.

100 కిలోల కారమునకు 400 పొట్లములు కావలెను గదా! కాని 392 మాత్రమే అగుచుండెను. మిగిలిన యెనిమిది పొట్లముల కార మెచటికి పోయినట్లు? దొంగతనమని యెవరును నోరు విడిచి యనలేదు. కాని చూపులన్నియు ఒక ముసలమ్మవైపు మరలినవి. ఆమె యుదయమున గేదెల పని చూచుకొని, పండ్రెండు గంటలకు వచ్చి, సాయంకాలమువరకు తూచిపోయు చుండెడిది. చూపానక ఎక్కువ పోయుచున్నదని తీర్పయిపోయినది. రెండు మాసములు ఆమె కూలిలో నెనిమిది పొట్లముల వెల పట్టుకొనిరి. ఇక నింటనే యుండుమని చెప్పుటకు కూడ సిద్ధపడిరి. అరువదియేండ్లు దాటిన మనిషి. ఆ కూలియే ఆమె చేతిలో పడు సొంతపు డబ్బు.

ఆ సమయమున మా చెల్లెలి కూతురు ఆ యూరికి పోయినది. అది దాని మేనత్తగారి యూరు. పిల్ల జనగామలో పెరిగినది, ఇంజనీరింగు ప్యాసైనది. ఉద్యోగమునకు పనికివచ్చునని యెవరో చెప్పగా, నగరమున నొక సంస్థకు మాయమ్మ గాజులు కుదువబెట్టిన సొమ్ము కట్టి, రెండుదినముల తరగతి విని, “సిక్స్ సిగ్మా గ్రీన్ బెల్టు” అను సర్టిఫికెటు తెచ్చుకొన్నది. పిమ్మట నొక కార్ఖానాలో ఉద్యోగమునకు పోగా, ఆ పెద్దమనిషి సర్టిఫికెటును ప్రక్కన బెట్టి, “అమ్మా! నీవు ఏ పనిలో ఏ దోషమును ఎంతవరకు తగ్గించితివి?” అని యొక్కమాట యడిగెనట. పిల్లకు నోట మాట రాలేదు. ఇంటికి వచ్చి, “పెద్దమ్మా, నేను బెల్టు కొనుక్కొన్నానే గాని నేర్చుకోలేదు” అని యేడ్చినది. మనసు మరలుటకని మేనత్త యింటికి పంపితిమి. అచట దానికి కారపు లెక్క కనబడినది.

అది చేసిన మొదటిపని యెవరిని నిందింపకుండుట. రెండవపని, నోటుపుస్తకము తీయుట. గంటగంటకు, ఏరక, చేతికందిన అయిదు పొట్లములను తీసి మరల తూచెను. సంఘపు తక్కెడతో గాక, ఊరి కిరాణా దుకాణము తక్కెడతో తూచెను. మన తక్కెడయే తప్పు చెప్పుచున్నచో, ఆ తప్పును దానినే యడిగిన నేమి ప్రయోజనము? కొలిచెడు దానిని ముందు కొలువవలెనన్న యీ చిన్న సంగతిని గొప్పగొప్ప కార్ఖానాలలో సైతము మరచుచుందురట. ఆరుదినములు వ్రాసెను. ఉదయము తొమ్మిదింటికి 251 గ్రాములు, మధ్యాహ్నమునకు 255, మూడుగంటలకు 258.

స్త్రీలు పుస్తకము చూచి, “మేము చెప్పలేదా? ముసలామె కూర్చున్నప్పుడే ఎక్కువ” అనిరి. నిజమే! కాగితము సైతము ఆమెపైననే సాక్ష్యము పలికినది. పిల్ల యిచటనే ఆగియుండినచో ఆ సాక్ష్యముతో ముసలమ్మ బ్రతుకు ముగిసెడిది. కాని దానికి తరగతిలో విన్న మాట యొకటి గుర్తు వచ్చినదట: రెండు సంగతులు కలిసి నడచునప్పుడు ఏది కారణమో విడదీసి చూడవలెను. ముసలమ్మయు, మధ్యాహ్నమును ఎల్లప్పుడు కలిసియే వచ్చుచున్నవి. కాబట్టి మూడుదినములు పీటలు మార్చెను. గేదెల పని మనుమరాలికి అప్పగించి ముసలమ్మను ఉదయము కూర్చుండబెట్టిరి. కన్ను చురుకైన చిన్నకోడలిని మధ్యాహ్నము కూర్చుండబెట్టిరి. ఉదయము ముసలమ్మ చేతి పొట్లములు 251. మధ్యాహ్నము చిన్నదాని చేతి పొట్లములు 258.

అనగా బరువు పెరుగుట చేతిని బట్టి కాదు, గడియారమును బట్టి. ఇక గంటలు గడచినకొలది మారునది యేది? తక్కెడ పళ్లెమెత్తి చూడగా, దాని క్రింద, అంచుల సందున, కారము మెత్తగా పేరుకొని యున్నది. ఉదయము తుడిచి మొదలుపెట్టుదురు. సాయంకాలమునకు ఆ పేరుకొన్న కారము పళ్లెమును కొంత మోయుచుండును. కనుక ముల్లు తక్కువ చూపును. తూచువారు ఇంకొంచెము పోయుదురు. ఎవరు కూర్చున్నను అంతే. గంటకొకసారి కుంచెతో తుడిచి, 200 గ్రాముల ఇత్తడి తూకపురాయి పెట్టి సరిచూచుకొనుట యేర్పాటు చేసిరి. మరుసటి 100 కిలోలకు 398 పొట్లములు వచ్చినవి. ఆ రెండు పొట్లములు కూడ రాబట్టుటకు వీలులేదా యని కొంద రడిగిరి. పొట్లముపై వ్రాసిన తూకముకంటె తక్కువ యుంచుట 2009 నాటి తూనికలు కొలతల చట్టము ప్రకారము నేరమగును గనుక ఒక గ్రాము పైనుండుటయే మేలని పిల్ల చెప్పినది.

పట్టుకొన్న కూలి తిరిగి యిచ్చిరి. ముసలమ్మ డబ్బు లెక్కపెట్టక, “నా చెయ్యే గంత చెడ్డదా అని రోజు ఏడ్చిన బిడ్డా” అన్నదట.

సిక్స్ సిగ్మా యన్న పేరు వినగానే మనకు గాదులే యని పుట త్రిప్పు సోదరీమణులకు చెప్పదలచినది, పైన జరిగిన కథయే ఆ శాస్త్రమని. కష్టమేమో నిర్ణయించుట, కొలుచుట, కారణము వెదకుట, మార్చుట, మార్చినది జారిపోకుండ అదుపున నుంచుట అను నైదు మెట్లుగా దానిని బోధింతురు. అయిదవమెట్టే కష్టము. తుడుచుట మొదటివారము అందరును చేయుదురు. ఆరవవారము చేయువారే అరుదు.

సిగ్మా యనునది గ్రీకు అక్షరము. సగటునుండి వస్తువులు ఎంతెంత ఎడముగా చెదరియున్నవో తెలుపు కొలతకు గణకు లిడిన గురుతు. ఒకే యింట, ఒకే చేతితో తోడుపెట్టిన పెరుగు దినదినము ఒకే గట్టిగా నుండునా? కొంచెము హెచ్చుతగ్గులు తప్పవు. 1924లో అమెరికాలో వాల్టరు షూహార్టు అను శాస్త్రజ్ఞుడు తన పై యధికారికి ఒక చిన్న పటము గీసి పంపెను. నిత్యము సహజముగ కలుగు హెచ్చుతగ్గులకు పైన నొక గీత, క్రింద నొక గీత. ఆ గీతల నడుమ నున్నంతవరకు ఒక్కొక్క దినమునకు ఒక్కొక్క కారణము వెదకరాదు. గీత దాటినచో తప్పక వెదకవలెను. ఇది చూచుటకు స్వల్పమే. కాని సంసారములో మనము చేయునదంతయు దీనికి విపరీతము. పెరుగు ఒకనాడు కొంచెము పలుచనైన కోడలిని కేకలు వేయుదుము. నెలరోజులుగా ఫ్రిజ్ తలుపు సరిగా పడకున్నను చూడము. షూహార్టు శిష్యస్థానీయుడైన డెమింగు, 1950నుండి జపానువారికి ఈ విద్య నేర్పినవాడు, లోపములలో అత్యధికభాగము పని నడచు పద్ధతివే గాని పనివారివి కావని బ్రతికినన్నాళ్లును చెప్పుచుండెను. సిక్స్ సిగ్మా యన్న పేరు తరువాతిది. 1986లో మోటరోలా కంపెనీలో బిల్ స్మిత్ అను ఇంజనీరు దానిని ప్రచారమునకు తెచ్చెను. పది లక్షల అవకాశములకు మూడున్నరకు మించకుండ (లెక్కప్రకారము 3.4) తప్పులు తగ్గించుట దాని గమ్యము. ఆ 3.4లో కాలక్రమమున సగటు ఒకటిన్నర సిగ్మా జరుగునన్న ఊహ యొకటి ఇమిడియున్నది. దీనిని చెప్పని బోధకుని కొంచెము అనుమానింపవచ్చును.

ఈ విద్య పరదేశపుది యనుకొనుటకు వీలులేదు. 1931లో ప్రశాంతచంద్ర మహలనోబిస్ కలకత్తాలో భారత గణాంకశాస్త్రసంస్థను స్థాపించెను. ఆయన ఆహ్వానముపై షూహార్టు 1947-48లో మన దేశమునకు వచ్చి కార్ఖానాలు చూచి ఉపన్యాసము లిచ్చెను. ఆ సంస్థకు 1941లో విద్యార్థిగా పోయి, దానికి అధిపతి యైనవాడు మన తెలుగువాడు, కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. 1920లో హడగలిలో జననము; వాల్తేరులో ఆంధ్రవిశ్వకళాపరిషత్తున గణితవిద్య; పదిమంది సంతానములో ఎనిమిదవవాడు. ఆయన తల్లి లక్ష్మీకాంతమ్మగారు ప్రతిదినము తెల్లవారుజామున నాలుగుగంటలకు లేపి, నూనెదీపము వెలిగించి చదువ గూర్చుండబెట్టెడివారట. ఆ సంగతిని ఆయన తన గ్రంథమొకదానిని తల్లికి అంకితమిచ్చుచు వ్రాసికొన్నారు. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానమంది, అదే సంవత్సరము ఆగస్టులో, 102 ఏండ్ల వయసున గతించిరి. దీపము వెలిగించిన తల్లి పేరును మరువకుండిన కొడుకు!

రావుగారికి కేంబ్రిడ్జిలో గురువైన ఫిషరు పండితుని కథ యొకటి మన పిల్ల చేసిన పీటల మార్పునకు పెద్దన్న వంటిది. ఇంగ్లండులో మ్యూరియల్ బ్రిస్టల్ అను శాస్త్రజ్ఞురాలు, టీలో పాలు పోసితిరో, పాలలో టీ పోసితిరో తాగి చెప్పగలనన్నది. ఫిషరు నవ్వి ఊరకుండలేదు. ఎనిమిది గిన్నెలు, ఒక్కొక్క విధమున నాలుగేసి, వరుస తెలియకుండ కలిపి యిచ్చినచో, ఊహతో అన్నియు సరిగా చెప్పుటకు 70కి ఒక్క అవకాశమే యుండునని లెక్కించెను. ఆమె అన్నియు సరిగానే చెప్పినదని చూచినవారిలో నొకరు పిమ్మట చెప్పిరట. ఆడుదాని మాటను కొట్టివేయకుండ పరీక్షకు పెట్టుటనుండి 1935 నాటి యొక గొప్ప గ్రంథమునకు ఉదాహరణము పుట్టినది.

మన తెలంగాణములో ఈ పద్ధతులు కార్ఖానా పనివారి చేతికి వచ్చినది 1980లో, రామచంద్రాపురము బి.హెచ్.ఇ.ఎల్.లో. ఒకేచోట పనిచేయువారు వారమునకొకసారి కూర్చుండి తమ పనిలోని కష్టమును తామే లెక్కించి సరిదిద్దుకొను “క్వాలిటీ సర్కిల్” మన దేశమున మొదట అచట వెలసినది. 1982లో సికింద్రాబాదు కేంద్రముగా దానికొక సంఘమే యేర్పడినది.

ఇక మన మూడు జిల్లాలు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి, ఇవి 2016 అక్టోబరులో పాత వరంగల్లు జిల్లానుండి ప్రధానముగా విడివడినవి. భూపాలపల్లిలో సింగరేణి గనులున్నవి. చెల్పూరు వద్ద 500, 600 మెగావాట్ల యంత్రములతో కాకతీయ తాపవిద్యుత్కేంద్రమున్నది. అట్టిచోట్ల ఈ విద్యకు పనియున్నదని వేరుగా చెప్పనక్కరలేదు. జనగామ ప్రక్కనే పెంబర్తి యున్నది. అచటి ఇత్తడిపనికి మాత్రము సిగ్మాను తీసికొనిపోరాదని నా యభిప్రాయము. రేకుపై సుత్తిదెబ్బ ఒకటి మరొకదానివలె నుండకపోవుటయే ఆ పని సొగసు. అన్ని హెచ్చుతగ్గులును దోషములు కావు.

కాని స్త్రీలకు ప్రాణముతో సంబంధించిన చోటొకటి యున్నది. అది పురిటిగది. 1847లో వియన్నా నగరపు ఆసుపత్రిలో రెండు పురిటి విభాగము లుండెడివి. వైద్యవిద్యార్థులున్న దానిలో పదింట నొక బాలింత జ్వరముతో మరణించుచుండ, మంత్రసానులున్న దానిలో మరణములు సగమునకంటె తక్కువ. సెమ్మెల్వైసు వైద్యుడు రెండింటి లెక్కలు ప్రక్కప్రక్కన వ్రాసి చూచి, శవపరీక్ష చేసిన చేతులతోనే పురుడు పోయుట కారణమని గుర్తించి, క్లోరినునీటితో చేతులు కడిగించెను. ఏప్రిలులో నూటికి 18గా నున్న మరణములు జూనునకు రెండింటికి దిగినవి. ఆ పెద్ద వైద్యులు చాలకాల మాయనను నమ్మలేదు. తప్పు తమ చేతులలో నున్నదనగా నెవరు నమ్ముదురు?

మన కేంద్రప్రభుత్వము 2017 డిసెంబరులో “లక్ష్య” అను పథకము నారంభించినది. ప్రభుత్వాసుపత్రుల పురిటిగదులను, ప్రసవశస్త్రచికిత్సా గదులను లెక్కల సాయముతో సరిదిద్దుట దాని పని. రెండేసి మాసముల చొప్పున ఆరు విడతలు. నొప్పులు సాగు తీరును, శిశువు గుండె చప్పుడును గీతలుగా నెక్కించు పటము నిజముగా నప్పటికప్పుడే వ్రాయుచున్నారా, లేక పురుడైన పిమ్మట కూర్చుండి నింపుచున్నారా? తల్లికి తోడుగా తనవారొకరు లోపల నున్నారా? ఇట్టి ప్రశ్నలు. నూటికి డెబ్బదికి తక్కువగాని మార్కులు వచ్చినగాని గుర్తింపు లేదు. ఢిల్లీ ఎయిమ్స్ సంస్థయు ప్రపంచారోగ్యసంస్థయు కలిసి నర్సులకు, వైద్యులకు నేర్పు మరియొక శిక్షణ కలదు. రోగిపడక దగ్గరనే లోపమును గుర్తించి, లెక్కించి, చిన్నమార్పు నొకదినము చేసిచూచి, నిలిచినచో నిలుపుకొనుట. వీనికి ఆకుపచ్చ బెల్టు లేదు, నల్ల బెల్టు లేదు; మన యూరి స్టాఫునర్సులే విద్యార్థినులు. ఉద్యోగములో నున్నవారు దీనిని అడిగి నేర్చుకొనవలెను.

లెక్క యెల్లప్పుడు మెప్పునే తెచ్చునని యెంచరాదు. తెలంగాణములో లక్ష సజీవ జననములకు తల్లుల మరణములు 2014-16 లెక్కలో 81 యుండగా 2018-20 నాటికి 43కు తగ్గినవి. సంతోషమే, దానికి కారణము లనేకములు. కాని 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన రాష్ట్రమున నూటికి 60.7 కానుపులు కోతకానుపులని తేలినది. దేశమంతట అదే యెక్కువ. ముహూర్తము చూచి కోయించుకొనువారు మనలో లేరా? ఈ సంఖ్యలో ఆసుపత్రి పాలెంత, మన పాలెంత యన్నది నోటుపుస్తకము తీసి వ్రాయదగిన ప్రశ్న.

ఇక బెల్టుల బేరమునకు వత్తును. పిల్ల సంగతివలన నాకు దీనిపై కోపమున్నది. జనగామలో శిక్షణ, మహబూబాబాదులో శిక్షణ, భూపాలపల్లిలో శిక్షణ యని ప్రకటనలు వచ్చుచున్నవి. ఏ వీధిలో నని అడిగినచో, ఇంటనుండి తెరపై వినుడని చెప్పుదురు. వినుట తప్పుకాదు; మన యూరి పేరు పెట్టి పిలుచుట మాత్రము తంత్రము. పసుపు, ఆకుపచ్చ, నలుపు అను నీ బెల్టు పేర్లు జూడో కుస్తీనుండి తెచ్చుకొన్నవి. వీనిని ఫలానివారే యీయవలెనని చట్టము లేదు. కనుక ఎవరును ఈయవచ్చును. విలువ ఇచ్చువానిని బట్టియు, పుచ్చుకొన్నవాని పనిని బట్టియు నుండును. 1946లో పుట్టిన అమెరికా క్వాలిటీ సంఘము తన గ్రీన్ బెల్టు పరీక్షకు మూడేండ్ల పని యనుభవ మడుగును. బ్లాక్ బెల్టునకు చేసిన ప్రాజెక్టు చూపవలెను. మన గణాంకసంస్థవారు కూడ గ్రీన్, బ్లాక్ బెల్టుల శిక్షణ నిత్తురు; హైదరాబాదు హబ్సిగూడలో వారి శాఖ యున్నది. ఊరక విని తెలిసికొనదలచిన వారికి ఖరగ్‌పూరు ఐ.ఐ.టి. వారి పాఠములు ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారా రుసుము లేకయే లభించును. పరీక్షకు మాత్రము కట్టవలెను.

ఆడపిల్లను అట్టి తరగతికి పంపు తల్లి గాజులు తీయకముందు రెండు మాటలు తప్పక అడుగవలెను. బోధకుడు తాను స్వయముగా ఏ దోషమును తగ్గించినాడు? పిల్ల తన చేతితో ఒక ప్రాజెక్టు పూర్తిచేయునా, లేక అచ్చుపుస్తకపు లెక్కలే చేయునా? ఉద్యోగము ఖాయమని చెప్పువానిని మూడవమాట అడుగనక్కరలేదు. రెండుదినములలో బెల్టు నిచ్చువాడు రెండుదినముల పనియే నేర్పును. ఇంట గణితము, కొంచెము కంప్యూటరు పట్టికలు వచ్చియున్న పిల్లకు ఈ విద్య కష్టము కాదు. వేళకు లేచి, కనబడినది కనబడినట్లు వ్రాయు నిజాయితీయే కష్టము. లెక్క తనకు నచ్చినట్లు రాలేదని ఒక వరుస చెరిపివేసినచో, ఆ ముసలమ్మ పీట పోయినట్లే.

మా పిల్లకు ఉద్యోగ మింకను రాలేదు. ఆ కార్ఖానా పెద్దమనిషికి తన నోటుపుస్తకపు పుటలు నకలు తీసి పంపినది; జవాబు రావలసియున్నది. నెలకొకసారి మేనత్త యూరికి పోయి తక్కెడ లెక్క చూచి వచ్చుచున్నది. మొన్న పోయినప్పుడు ఒక వింత చూచినదట. ముసలమ్మకు చదువు రాదు. ఆమె కూర్చున్న గంటలకు పుస్తకములో అంకెలు లేవు. ఇత్తడిరాయి పెట్టి సరిచూచిన ప్రతిసారియు కారపు వ్రేలితో ఒక చుక్క పెట్టినది. పండ్రెండునుండి అయిదు గంటలకు ఆరు చుక్కలు. ఒక్కనాడును తప్పలేదు.